చింపని డబ్బలు

కొమురయ్య పక్కన కూర్చుంటే తంబాకు వాసన వచ్చేది. జన్మలో ఒక్క బీడీ తాగిన మనిషి కాదు. రాయికల్‌లో ఆయన ఇంట్లో మాత్రం బీడీలు చుట్టని రోజు లేదు. తల్లి కళ్లు కనబడినన్నాళ్లు చుట్టింది. తర్వాత ఆ బీడీల చాట భార్య సత్తవ్వ ఒళ్లోకి వచ్చింది. తువ్వాలకు, పక్కబట్టలకు, అన్నం మూటకు కూడా ఆ వాసనే. బస్సులో పక్కనున్నవాళ్లు ముఖం తిప్పుకొని "పెద్దమనిషీ, గా బీడీ బంద్ చెయ్యరాదు" అంటే "నేను తాగనే తాగ బాపూ" అని నవ్వేవాడు. వాళ్లు నమ్మేవాళ్లు కాదు. ఆయనకు నిజంగానే ఏ వాసనా తెలిసేది కాదు. పుట్టినప్పటి నుంచి పీల్చిన గాలి అదే.

ఇప్పుడు ఆయన లేడు, సత్తవ్వా లేదు. ఆయన లోపల పెట్టుకొని మోసిన మాట ఇక బయట పెట్టినా ఎవరి గుండె పగలదు. పగలవలసినవి ఎప్పుడో పగిలాయి.

జగిత్యాలలో శ్రీనివాస్ రావు లారీలకు సామాను తెచ్చే పని ఆయనది. కొమురయ్య తండ్రి ఆ దొరల గడిలో జీతగాడు. భూములు కరిగి గడి పాడుబడ్డాక శ్రీనివాస్ రావు ఒక లారీ కొన్నాడు. ఆ ఒక్కటి నాలుగై, నాలుగు పదై, ఊరి బయట పెద్ద షెడ్డు లేచింది. మొదటి లారీకి కిలీనరుగా ఎక్కింది కొమురయ్యే. ఒకసారి ఎండాకాలంలో నకిలీ బేరింగు ఒకటి విరిగి, నాగపూర్ దారిలో నీడ లేని చోట బండి కూలబడింది. డ్రైవరు సామాను కోసం పోయి ఎంతకూ రాలేదు. కొమురయ్య లారీ కింద పడుకొని, పైన మామిడికాయలు కుళ్లుతుంటే ఆ రసం చుక్కలు చుక్కలుగా మీద పడుతుంటే, ఆ బేరింగు అమ్మినవాణ్ని వరస పెట్టి తిట్టుకున్నాడు. తిరిగి వచ్చి దొర ముందు నిలబడి అన్న మాట షెడ్డులో చాలాకాలం చెప్పుకున్నారు.

"దొరా, సామాను నేను తెస్త. మంచిది దొరకకపోతే బండి ఆపుకుందాం గని, చెడ్డది ఎయ్యద్దు."

"నీకు ఏబీసీడీలు రావు కదరా కొమురయ్యా?"

"అక్షరాలు రావు దొరా. వాటి మొకాలు గుర్తుంటయ్."

అట్లా సంచి ఆయన భుజానికి వచ్చింది. కరీంనగర్, నిజామాబాద్, పట్నం. పొద్దున బస్సెక్కి, గోనెసంచిలో ఇనుము మోసుకొని సాయంత్రానికి దిగేవాడు. దుకాణంలో డబ్బను ఎండకు తిప్పి చూసేవాడు. మెరిసే స్టిక్కరును గోటితో గీకి చూసేవాడు. మూత మడతల్లో వేలు పెట్టి జిగురు రెండుసార్లు పడిందేమోనని తడిమేవాడు. తర్వాతే లోపలి సామాను. సేట్లు విసుక్కొనేవాళ్లు, నవ్వేవాళ్లు, చివరికి ఆయన వస్తున్నాడంటే లోపలి అరలోంచి మంచిదే తీసి పెట్టేవాళ్లు.

డబ్బ మీద ఆయనకు అంత పట్టింపు ఎందుకంటే, పట్నంలో సామాన్ల బజారు వెనక సందులో ఒకసారి ఒక ముసలామె కనిపించింది. ఖాళీ డబ్బల కుప్ప ముందు కూర్చొని చినిగినవి ఒక దిక్కు, చినగనివి ఒక దిక్కు వేస్తున్నది.

"గీ మంచియి ఏం చేస్తరవ్వా?" అని అడిగాడు.

"మల్ల నింపుతరు కొడుకా" అన్నది ఆమె తల ఎత్తకుండానే.

సామానుకు నకలు చేయడం సులువు, డబ్బకు నకలు చేయడం కష్టం. అందుకే అసలు డబ్బలు కొంటారు, లోపల చెత్త నింపుతారు. ఆ రోజు నుంచి షెడ్డులో ఒక కట్టుబాటు పెట్టాడు. సామాను బిగించిన వెంటనే ఆ డబ్బ ఆయన కళ్ల ముందే నాలుగు ముక్కలు కావాలి, స్టిక్కరు గీకి పోవాలి. దానికి డ్రైవర్లు పెట్టిన పేరు పోస్టుమార్టం. "కొమురన్నా, శవం తయారు, రా" అని పిలిచేవాళ్లు. ఆయన కోపగించుకొనేవాడు కాదు.

"నవ్వుర్రి. ఈ పక్కల లారీ సామాను ఎక్కువ కొనేది మనమే. మనం చింపుతున్నం గనుక ఈ మూడు తాలూకాల ఖాళీ డబ్బ ఒక్కటి దొరకది. డబ్బ దొరకనప్పుడు దొంగ ఏం నింపుతడు? గందుకే మన దిక్కు అసలు డబ్బల సామానంటే అసలు సామానే."

ఆ లెక్క ఎవరికీ తప్పనిపించలేదు. ఆయనకు అసలే అనిపించలేదు.

ఆ కట్టుబాటుకు ఒకే ఒక్క మినహాయింపు ఉంది. వానాకాలంలో తంబాకు చెమ్మెక్కుతుంది. చెమ్మెక్కితే బీడీ సరిగ్గా కాలదు, కార్ఖానాలో కట్టలకు కట్టలు పక్కన పడేస్తారు. ఒకసారి, కట్టుబాటుకు ముందెప్పుడో తెచ్చిన బ్రేక్ లైనర్ల డబ్బ ఇంట్లో కనబడితే సత్తవ్వ దాంట్లో తంబాకు పోసి చూసింది. మందపు అట్ట, లోపల నున్నటి పూత. వారం పాటు ముసురు పట్టినా తంబాకు పొడిపొడిగా ఉంది.

"ఏమయ్యా, ఇసొంటియి ఇంకో రెండు తేరాదు. ఊరందరి సామాను మోసుకస్తవు, ఇంటికి ఒక్క అట్టడబ్బ తేవు."

తెచ్చాడు. ఆమెను చూసి పక్కింటామె అడిగింది, ఎదురింటామె అడిగింది. వాడకట్టులో అందరి ఇళ్లల్లో లైనర్ల డబ్బలు తంబాకు డబ్బలయ్యాయి. చింపకుండా తేవడానికి ఆయన చేయి మొదట వెనకాడింది. కానీ ఇంట్లో, సత్తవ్వ మోకాలి పక్కన ఉండే డబ్బ ఎక్కడికి పోతుంది? జీవితమంతా దొర బండ్ల కోసం తిరిగినవాడు పెళ్లానికి కొనిపెట్టింది ఏమీ లేదు. ఆ డబ్బ తీసుకున్నప్పుడు ఆమె ముఖంలో వచ్చిన వెలుగు చూసి, తర్వాత ఆ సంగతే మరిచిపోయాడు.

సత్తవ్వకు ఎల్లేశం అనే తమ్ముడు. వాడు పాలు మరవక ముందే తల్లి పోయింది. సత్తవ్వ వాణ్ని చంకన, బీడీ ఆకుల కట్టను నెత్తిన పెట్టుకొని కార్ఖానాకు నడిచిన పిల్ల. పెళ్లయి వస్తూ వాణ్ని కూడా వెంట తెచ్చుకుంది. కొమురయ్య ఒక్కనాడు కాదనలేదు. వాడికి స్టీరింగు పట్టడం నేర్పించి దొర దగ్గర డ్రైవరుగా పెట్టించింది కూడా ఆయనే. ఎల్లేశం బండి రాయికల్ మీదుగా పోయిందంటే వాడకట్టు మొదట్లో హారన్ మోగేది. సత్తవ్వ చాట పక్కకు నెట్టి పరుగున పోయి టిఫిన్ గిన్నె అందించేది.

"బావా, నా బండికి మంచి సామాను ఎయ్యి. లేకుంటే అక్కకు జెప్త."

"చెప్పరా. మీ అక్కకు నేను భయపడ్త, నువ్వు భయపడవు. గదే మనిద్దరికి తేడ."

వాడు పెళ్లి చేసుకొని అదే వాడకట్టులో ఇల్లు కట్టుకున్నాడు. భార్య శ్రీలతకు ఆడపిల్ల పుట్టింది.

ఆ ఏడు ఎండాకాలపు వరికోతల సమయంలో ఎల్లేశం బండి వెనక చక్రాల బ్రేక్ లైనర్లు అరిగాయి. కరీంనగర్‌లో వాడుకగా తెచ్చే చోట సరుకు లేదు. వడ్లు, బట్ట, అన్ని లోడ్లూ ఒకేసారి వచ్చిపడ్డాయి, బండి నిలబెట్టవద్దని దొర ఒకటే తొందర. కొమురయ్య కోరుట్ల పోయాడు. అక్కడ బస్టాండు దాటాక ఒక దుకాణం ఉండేది. సేటు ఎన్నో ఏళ్లుగా తెలిసినవాడు.

"రా కొమురన్నా, నీ డాక్టరు పరీక్ష షురూ చెయ్యి" అంటూ సేటు ఉన్న ఒక్క సెట్టునూ బల్ల మీద పెట్టాడు. "లైను మీద తిరిగి సరుకు అమ్మెటాయన ఏసి పోయిండు. మొన్ననే అచ్చింది."

"కొత్త మనిషా?"

"మనిషి కొత్త, మాల్ పాత కంపెనీదే. నువ్వే చూసుకో. నీకు నచ్చకుంటే నేను గూడ వాపస్ చేస్త."

కొమురయ్య డబ్బను ఎండలోకి పట్టుకుపోయాడు. అక్షరాల మొకాలు సరిగ్గా ఉన్నాయి. స్టిక్కరు మెరిసింది. అట్ట మందం వేలికి సరిగ్గా తగిలింది. మడతల్లో జిగురు కొద్దిగా గట్టిగా ఉన్నట్టు అనిపించింది, ఎండాకాలం కదా అనుకున్నాడు. అసలు డబ్బే. ఈ పక్కల అసలు డబ్బ ఉందంటే లోపల అసలు సామానే. లైనర్లు బయటకు తీసి చూశాడు. లైనరును చూసి మంచి చెడు చెప్పడం ఎవరి తరం కాదు. నల్లటి వంకర పలకలు, అంతే. చక్రం లోపలి డ్రమ్ములో రుద్దుకుంటేనే దాని నిజం బయటపడుతుంది.

షెడ్డులో మిస్త్రీ జైపాల్ చక్రం విప్పి సిద్ధంగా ఉన్నాడు. డబ్బ మూత తెరవగానే నవ్వాడు.

"కొమురన్నా, నువ్వు గేటు కాడ ఉండంగనే నీ వాసన లోపటికి అచ్చిందే."

పక్కనే టీ తాగుతున్న ఎల్లేశం "అది మా ఇంటి అత్తరు జైపాలన్నా. మా అక్క చేతిది. అందరికి దొరకది" అన్నాడు.

ముగ్గురూ నవ్వారు. లైనర్లు బిగించాక ఎల్లేశమే డబ్బను నాలుగు ముక్కలుగా చింపి, "బావా, శవం ఇదిగో, చూసుకో" అని మూలకు విసిరాడు.

తర్వాతి వారం సిరిసిల్లలో బట్ట బేళ్లు ఎక్కించుకొని వస్తున్నాడు ఎల్లేశం. పట్టపగలు. ఊరు దాటాక ఒక దిగుడు, దిగుడు కింద రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. వడ్ల అంచుకు రాళ్లు, రాళ్ల వెనక వడ్లు తిరగేస్తున్న ఆడవాళ్లు. హారన్ ఆపకుండా కొట్టుకుంటూ వచ్చిందని ఆ ఆడవాళ్లే తర్వాత చెప్పారు. వాళ్ల దాకా రాకముందే లారీ ఎడమకు తిరిగి కాలువ మీది మోరీ గోడను గుద్దుకొని బోర్లా పడింది. బేళ్లు విచ్చుకొని తెల్ల బట్ట కాలువ పొడుగునా పరుచుకుంది. ఎల్లేశం పైన అదే బట్ట కప్పారు.

రోడ్డు మీద బ్రేకు వేసిన గీత లేదు. చూసినవాళ్లు అది పట్టుకున్నారు. బ్రేకు తొక్కలేదంటే నిద్రపోయి ఉంటాడు, లేదా తాగి ఉంటాడు. మధ్యాహ్నానికి ఆ మాట సిరిసిల్ల నుంచి జగిత్యాల చేరింది, పొద్దు గుంకేలోపు రాయికల్ చేరింది. హారన్ సంగతి ఎవరూ మోసుకురాలేదు.

బండిని షెడ్డుకు లాక్కొచ్చాక జైపాల్ వెనక డ్రమ్ము విప్పాడు. లైనరు అప్పడంలా పలుకులు పలుకులుగా రాలింది. జైపాల్ ఒక పలుకును వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"అన్నా, ఇది కంపెనీది కాదు."

"డబ్బ కంపెనీదే."

"డబ్బ కంపెనీదే. లోపటిది కాదు."

మూలన చెత్తలో ఆ నాలుగు ముక్కలు ఇంకా ఉన్నాయి. కొమురయ్య వాటిని ఏరుకొచ్చి నేల మీద జోడించాడు. అక్షరాలు, స్టిక్కరు, అట్ట, అన్నీ అసలువే. ఆయన కళ్లు ఆయనను మోసం చేయలేదు. జైపాల్ ఒక ముక్క తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, దించాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"అన్నా... తంబాకు."

"ఏంది?"

"ఇది తంబాకు వాసన. ఆనాడు నీ దగ్గెర నుంచి అస్తుందనుకున్న. నువ్వు గేటు కాడనే ఉంటివి. నేను ఎంత పిచ్చోన్ని అన్నా, నవ్విన."

అడుగు మడత విప్పితే గోధుమరంగు పొడి రాలింది. దాంట్లో బీడీ కట్టే ఎర్రదారం పోగు ఒకటి ఉంది. కొమురయ్య ఆ ముక్కను ముఖానికి ఆనించుకొని ఊపిరి పీల్చాడు. ఎంత పీల్చినా ఏమీ రాలేదు. ఇంట్లో కూర్చున్నట్టు ఉంది, అంతే. కోరుట్లలో, ఎండలో ఆ డబ్బను ముఖానికి దగ్గరగా పెట్టుకొని తిప్పితిప్పి చూసినప్పుడు కూడా అట్లాగే ఉంది. రాయికల్ బయట పుట్టిన ఏ మనిషైనా ఆ వాసన పట్టి, లైనర్ల డబ్బలో తంబాకేందని అడిగి ఉండేవాడు.

"డబ్బ ముచ్చట ఎవ్వలకు చెప్పకు" అని మాత్రం అని బస్టాండు దిక్కు నడిచాడు.

ఇంట్లో చుట్టాల ఆడవాళ్లు గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నారు. సత్తవ్వ గొంతు పోయి, ఏడుపు కూడా గాలిలాగే వస్తున్నది. చాట పక్కన డబ్బలు ఉండే చోట ఏమీ లేదు. తంబాకు ప్లాస్టిక్ కవర్లో ఉంది. గడప బయట నీలం రంగు పెద్ద టబ్బు ఒకటి బోర్లించి ఉంది.

"సత్తవ్వా, గా డబ్బలెటు పోయినయ్?"

ఇప్పుడు అదేం అడుగుడు అన్నట్టు చూసి, అలవాటు కొద్దీ జవాబు చెప్పింది.

"ఎల్లిగడ్డలాయనకు ఏసిన. మైకు పెట్టుకొని అస్తడు సూడు, అట్టలకు ఎల్లిగడ్డ ఇచ్చెటాయన. మామూలు అట్టలకు ఎల్లిగడ్డ, గిసొంటి డబ్బలుంటే టబ్బు అన్నడు. వాడకట్టోల్లందరం ఏసినం. ఎల్లేశం బిడ్డకు తానం పోసేతందుకు..." అక్కడిదాకా వచ్చి మాట ఆగిపోయింది. టబ్బు దిక్కు చూసి కొంగు నోట్లో కుక్కుకుంది.

కొమురయ్య బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కోరుట్లలో అమ్మిన డబ్బ ఈ గడప దాటిందో, పక్క గడప దాటిందో తేల్చి చెప్పడానికి లేదు. ఏ గడపైనా అక్కడికి తెచ్చి పెట్టింది ఆయన చేయే. కానీ అది ఆయన లెక్క. సత్తవ్వకు తెలిసిన మరుక్షణం ఆమె లెక్క వేరేగా ఉంటుంది. తమ్ముడి బిడ్డకు టబ్బు కావాలని తమ్ముణ్ని ఇచ్చేసిన దాన్నయ్యానంటుంది. ఇంకో ముద్ద ముట్టదు. తమ్ముణ్ని కనకపోయినా కన్నంత చేసిన మనిషి ఆ తర్వాత ఎట్లా బతుకుతుందో ఊహించడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. ఈ మాట ఆమె చెవిన పడకూడదు. ఆ క్షణం నుంచి ఆయనకు మిగిలిన పని అదొక్కటే.

మర్నాడు దొర పిలిపించాడు.

"కొమురయ్యా, జైపాల్ చెప్పిండు లైనర్ల ముచ్చట. నువ్వు బ్రేకుల మాట ఎక్కడా ఎత్తకు. రేపు బట్టోల్లు, మిల్లోల్లు మనకు లోడ్ ఇయ్యాల్నా వద్దా? నిద్ర పట్టిందనుకోనియ్. పోయినోనికి ఏం నష్టం చెప్పు?"

"తాగిండంటున్నరు దొరా."

"అననియ్. నాలుగొద్దులు అంటరు, మరిచిపోతరు."

కొమురయ్య తువ్వాల భుజాన వేసుకొని బయటికి వచ్చాడు. తండ్రి కూడా ఆ మనుషుల ముందు నుంచి ఇట్లాగే మాట్లాడకుండా బయటికి వచ్చేవాడు.

పెద్దకర్మ నాడు వాకిట్లో టెంటు వేశారు. ఎల్లేశం ఫోటోకు దండ వేసి, ముందర వాడికి ఇష్టమని చికెన్ కూర, బూరెలు పెట్టారు. భోజనాలు కానేలేదు, శ్రీలత మేనమామ గొంతు లేచింది.

"తాగి బండి నడిపెటోనికి పిల్లనిచ్చుడు మాదే తప్పు. ఇయ్యాల్ల దాని మొకం సూడుర్రి."

"మా తమ్ముడు తాగలే!" సత్తవ్వ పోయిన గొంతుతోనే అరిచింది. "వాడు డ్యూటీ మీద ఎన్నడు ముట్టలే. ఒట్టు."

"తాగకపోతే బ్రేకెందుకు తొక్కలే? గుడ్డోడా?"

శ్రీలత ఒళ్లో పిల్లను హత్తుకొని నేల చూస్తున్నది. ఆమె కూడా ఆ మాట నమ్మడం మొదలుపెట్టిందని కొమురయ్యకు అర్థమైంది. ఆ పిల్ల పెద్దయ్యాక కూడా అదే వింటుంది. ఆయన లేచి నిలబడ్డాడు.

"తాగలే. నిద్రపోలే. వాడు బ్రేకు తొక్కిండు, పట్టలే. లైనర్లు డూప్లికేట్‌యి. గుద్దితే గోడకు గుద్దిండు గని, వడ్ల కాడి ఆడోల్ల మీదికి పోలే. వాన్ని ఏమనకుర్రి."

సత్తవ్వే ముందు తేరుకుంది.

"లైనర్లు తెచ్చింది నువ్వు గదా?"

"నేనే."

"నీకు డూప్లికేట్ ఎట్లస్తది?" ఆమె గొంతులో అప్పటికింకా నింద లేదు, అయోమయమే ఉంది. "నువ్వు డబ్బ చూస్తెనే చెప్తవు గదా. నన్ను మోసం చేసెటోడు పుట్టలే అనకపోదువా? ఈ పక్కల అసలు డబ్బల దొంగ సామాను ఉండనే ఉండదంటివి. మరి ఎట్లచ్చింది? ఏ డబ్బల అచ్చింది?"

ఆయన గొప్పగా చెప్పుకున్న మాటలన్నీ ఆమె నోటి నుంచి తిరిగి వచ్చి చుట్టూ గోడ కట్టాయి. తెలియక తెచ్చాననాలంటే అసలు డబ్బ ఎక్కడిదో చెప్పాలి. దూరంగా నిలబడ్డ జైపాల్ ఆ ఇరుకు చూశాడు. ఆగలేకపోయాడు.

"అక్కా, అన్న తప్పు లేదు. డబ్బ అసలుదే. దాంట్ల..."

"తెలిసే తెచ్చిన" అన్నాడు కొమురయ్య.

జైపాల్ ముందుకు అడుగు వేశాడు. కొమురయ్య చేయెత్తి ఆపాడు.

"చవుకగ అచ్చింది. కొన్నొద్దులు నడుస్తయ్ గదా అనుకున్న. తెలిసే తెచ్చిన."

సత్తవ్వ ఆయనను కొట్టలేదు, తిట్టలేదు. వంగి తమ్ముడి ఫోటో ముందరి విస్తరి సర్ది, అక్కడే కూర్చుండిపోయింది. శ్రీలత మేనమామ వచ్చి కొమురయ్య చొక్కా పట్టుకున్నప్పుడు కూడా ఆమె తల తిప్పలేదు.

ఆ తర్వాత షెడ్డుకు రావద్దని దొర కబురు పెట్టాడు. బ్రేకుల మాట ఎత్తవద్దంటే ఎత్తినందుకో, తెలిసి నకిలీ తెచ్చానని ఒప్పుకున్నందుకో, కారణం చెప్పలేదు. షెడ్డులో డబ్బలు చింపడం ఆ నెలలోనే ఆగిపోయింది. కమీషన్‌కు ఆశపడి బామ్మర్దిని చంపుకున్నాడని దుకాణాల్లో చెప్పుకున్నారు. కోరుట్ల సేటు కూడా ఆ మాటే చెప్పాడట. సేటుకు అది లాభమే, ఆ సెట్టు తన దగ్గరికి ఎట్లా వచ్చిందని ఎవరూ అడగలేదు.

కొమురయ్య సిరిసిల్ల పోయి ఒక సాంచాల, అంటే కరెంటు మగ్గాల, కార్ఖానాలో కావలి మనిషిగా కుదిరాడు. రోజంతా మగ్గాల చప్పుడు. మాట్లాడవలసిన అవసరం లేదు, మాట్లాడినా వినబడదు. ఆ పని ఆయనకు సరిపోయింది. నెలకోసారి రాయికల్ వచ్చి ఒక బియ్యం సంచి శ్రీలత గడపలో దించేవాడు. ఆమె వద్దనేది కాదు, కూర్చోమనేది కాదు. తర్వాత తన ఇంటికి వచ్చేవాడు. సత్తవ్వ కంచంలో అన్నం పెట్టి ఆయన ముందు నేల మీద ఉంచి లోపలికి పోయేది. మాట లేదు. బీడీలు మాత్రం చుట్టడం మానలేదు. తమ్ముడి బిడ్డకు పాలు, బట్టలు ఆ చాటలోంచే రావాలి.

జైపాల్ ఒకసారి సిరిసిల్ల వెతుక్కుంటూ వచ్చాడు.

"అన్నా, అక్కకు నేను చెప్త. నువ్వు గిట్ల ఎన్నొద్దులు మోస్తవు?"

"చెప్తే నా మీద కోపం పోతది జైపాల్. పోయి ఎవల మీద పడ్తది?"

కొమురయ్య కార్ఖానా గేటు మూసి వచ్చి జైపాల్ పక్కన కూర్చున్నాడు.

"నా మీద కోపంతోనన్న తింటుంది, చుట్టుతుంది, బతుకుతుంది. ఉండనియ్."

సిరిసిల్లలో కొన్ని నెలలు గడిచాక ఒకనాడు ఆయన రాయికల్‌లో బస్సు దిగి వాడకట్టు మలుపు తిరిగాడు. ముక్కుకు ఏదో ఘాటుగా తగిలింది. ఆగి చుట్టూ చూశాడు. ఎవరూ ఏమీ కాల్చడం లేదు. ఇంకో నాలుగడుగులు వేస్తే ఇంకా ఘాటెక్కింది. అప్పుడు అర్థమైంది. అరుగుల మీద, చాటల్లో, గోడల్లో, మనుషుల్లో, అంతటా తంబాకు. ఆయన బట్టల్లోంచి ఆ వాసన పోయింది కాబట్టి ఇప్పుడు పట్టగలుగుతున్నాడు. జైపాల్‌కు తెలిసిన వాసన, బస్సుల్లో ముఖం తిప్పుకున్నవాళ్లందరికీ తెలిసిన వాసన. ఇంత ఘాటుదా? పసిపిల్లవాడు కూడా పట్టేంత ఘాటుదా? గోడకు చేయి ఆనించి అక్కడే నిలబడిపోయాడు. చూసినవాళ్లు బస్సులో కళ్లు తిరిగాయేమో అనుకున్నారు.

ఇంట్లో అన్నం తిని చేయి కడుక్కుంటుండగా మైకు వినబడింది. పాత ఇనుము, పాత ప్లాస్టిక్, అట్టలకు ఎల్లిగడ్డ. ఎల్లిగడ్డలాయన గొంతే. బండి వచ్చి వాకిలి ముందు ఆగింది. సత్తవ్వ లోపలి నుంచి సబ్బుల డబ్బలు, బిస్కెట్ డబ్బలు ఒళ్లో వేసుకొని వచ్చింది. కొమురయ్య తడిచేతులతోనే లేచి వాటిని అందుకున్నాడు. ఒకటి తీసి నడిమికి చింపాడు, మళ్లీ చింపాడు. రెండోది తీశాడు.

"అరె పెద్దమనిషీ, చింపితే ఎల్లిగడ్డ తక్కువస్తది" అన్నాడు బండాయన.

కొమురయ్య ఆయన దిక్కు చూశాడు. ఆ మెడ పట్టుకోవాలని ఉంది. పట్టుకుంటే ఎందుకో చెప్పవలసి వస్తుంది. సత్తవ్వ అక్కడే ఉంది. మూడో డబ్బ చింపాడు.

సత్తవ్వ నోరు విప్పింది. ఆయనతో కాదు, బండాయనతో.

"పోనియ్ అన్నా, ఎంతస్తే గంతియ్యి. మా తమ్మున్ని సంపినోడు ఇయ్యాల్ల నాకు అట్టలు చింపుడు నేర్పుతున్నడు."

బండాయన నవ్వాలో వద్దో తెలియక తక్కెడ సర్దుకున్నాడు. కొమురయ్య మిగిలినవి కూడా ఒక్కొక్కటే చింపి, ముక్కలన్నీ దొంతర పెట్టి ఆమె చేతికి ఇచ్చాడు.